నలభై ఏడో నంబరు

కిటికీ పైన పావురం. గూ... గూ... ఎవరూ పిలవకుండానే పలుకుతోంది.

కింద సారు తలెత్తకుండా హాజరు పిలుస్తున్నారు.

నలభై అయిదు.

నలభై ఆరు. నా పక్కమ్మాయి. ఆవులిస్తూనే పలికేసింది.

నలభై ఏడు —

నేనే. ‘ఉన్నాను సార్’ అనాలి. రెండే మాటలు. పొద్దున అద్దం ముందు ఇరవైసార్లు అన్నాను. ఇప్పుడు గొంతులో పచ్చి వెలక్కాయ. మొదటి రోజు పలికితే గొంతు కీచుమంది, వెనక ఎవరో నవ్వారు. మళ్లీ నవ్వుతారేమో...

నలభై ఎనిమిది.

అయిపోయింది. పావురం పలుకుతూనే ఉంది.

మొదట్లో పక్కమ్మాయి మోచేత్తో పొడిచేది. తర్వాత మానేసింది.

నేను ఒక్క రోజూ క్లాసు మానలేదు. రిజిస్టరులో మాత్రం ఆ మొదటి రోజు తప్ప నేను లేను.

అమ్మకి కబురు వెళ్లింది. హాజరు చాలదు, పరీక్ష రాయనివ్వం, వచ్చి మాట్లాడండి అని.

అమ్మ చొక్కాలకి కాజాలు కుడుతుంది. పని మధ్యలో లేచి వచ్చింది. భుజం మీద తెల్లదారం ముక్క. తీసేద్దామనుకున్నాను. చెయ్యి లేవలేదు.

“రోజూ డబ్బా కట్టిచ్చానే. ఎక్కడికెళ్లేదానివి?”

క్లాసుకేనమ్మా. అక్కడే కూర్చున్నాను. పిలిస్తే పలకలేకపోయాను...

ఎలా చెప్పను? ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని ఎప్పుడూ ఆటపట్టించేదే. ఈసారి నవ్వదు. జాలిపడుతుంది. క్లాసులు ఎగ్గొట్టే పిల్లని తిడతారు. పలకలేని పిల్లని ఏం చేస్తారు?

“సినిమాలకి,” అన్నాను.

ఎంత గట్టిగా వచ్చిందో ఆ మాట. అబద్ధానికి వణుకే లేదు.

అమ్మ సారుని బతిమాలింది. చిన్నపిల్ల, ఈ ఒక్కసారికి అంది. నేను చేయని తప్పుకి. నాకు తల కొట్టేసినట్టయింది.

సారు కరిగారు. మిగిలిన మూడు వారాల్లో ఒక్క రోజు తప్పినా పరీక్ష లేదన్నారు.

“తప్పదు సార్. నేనే తీసుకొచ్చి వరండాలో కూర్చుంటా.”

అన్నట్టే వచ్చింది. ఒళ్లో చొక్కా. చేతిలో సూది. తలుపు తెరిచే ఉంది.

కిటికీ పైన పావురం. గూ... గూ...

నలభై అయిదు.

నలభై ఆరు.

అమ్మకి నా నంబరు తెలుసు.

నలభై ఏడు —

వరండాలో సూది ఆగింది.

పావురం కూడా ఊరుకుంది...