పసుపు పూసిన తెర

మా ఆయన సాయినాథ్ తెచ్చిన టమాటాల సంచి వంటింటి గట్టు మీద బోర్లించాను. సగం పచ్చికాయలు. పండినవి పళ్ళెంలోకి తీసి, పచ్చివి రోటి పచ్చడికి పక్కన పెట్టాను. హాల్లోంచి, "బాగుండాయా?" అని అడిగాడు. "బాగున్నాయి" అన్నాను.

ఆయనకు ఎరుపు, ఆకుపచ్చ వేరువేరుగా కనపడవు. పెళ్లయిన మొదటి నెలలో ఈ సంగతి మా అత్తగారు సుబ్బరత్నమ్మ చెప్పారు, బియ్యం చెరుగుతూ. "మావాడికి రంగులు కొంచెం తేడా పడతాయి. అదేం రోగం కాదు. అట్లని బయట చెప్పుకునేదీ కాదు. నువ్వు చూసుకో" అన్నారు. అప్పటినుంచి చూసుకుంటున్నాను. చొక్కాలు నేను తీసి మంచం మీద పెడతాను. వైర్లు కలపాల్సి వచ్చినప్పుడు తన ఎలక్ట్రికల్ షాపు నుంచి ఫోటో పంపిస్తాడు, నేను ఎడమ నుంచి వరసగా రంగులు రాసి పంపిస్తాను. ఆయన ఎప్పుడూ అడగడు. అడిగితే ఒప్పుకున్నట్టవుతుంది. అడక్కుండానే చెప్పాలి, చెప్పినట్టు ఉండకూడదు. ఈ పనికి మా ఇంట్లో పేరు లేదు.

పెళ్లికి ముందు హైదరాబాదులో ఒక కంపెనీలో కంప్యూటర్ స్క్రీన్లు డిజైన్ చేసేదాన్ని. మార్కాపురం వచ్చాక ఇంట్లోంచే చేసుకోవచ్చని కంపెనీ వాళ్ళన్నారు. మీటింగులో ఉండగా ఇంట్లోవాళ్ళు కాఫీ అడిగేవాళ్ళు. మాట్లాడుతుండగా గ్యాస్ వాడు వచ్చాడని పిలిచేవాళ్ళు. కొన్నాళ్లకు కంపెనీ వాళ్ళు వద్దన్నారు. ఆ తర్వాత నేను మిగుల్చుకున్నది విడ్జెట్లు. కంప్యూటర్ ఎంత పని చేస్తోందో, ఎంత వేడెక్కిందో, మెమరీ ఎంత మిగిలిందో స్క్రీన్ మూలన చూపించే చిన్న పెట్టెలు. తయారుచేసి నెట్‌లో ఉచితంగా పెడతాను. ఎక్కడెక్కడివాళ్ళో వాడుకుంటారు. మా అత్తగారు పక్కింటివాళ్ళతో, "మా కోడలు కంప్యూటర్లో ముగ్గులేస్తది" అంటారు.

పని చేసుకునేవాడు పని ఆపకుండా, విడ్జెట్‌ని ఓరకంట చూసి సంగతి తెలుసుకోవాలి. దానికోసం అంకెలన్నీ ఒకే వెడల్పులో ఉండాలి. ఒకటి సన్నగా, ఎనిమిది వెడల్పుగా ఉంటే అంకె మారినప్పుడల్లా వరస కదిలి కన్ను అటే పోతుంది. వెనక రంగుకీ అక్షరం రంగుకీ మధ్య దూరం ఉండాలి. పలక మీద సుద్దముక్కతో రాస్తే వెనక బెంచీకి కూడా కనపడుతుంది. పలకలు తయారయ్యే ఊళ్ళో ఉన్న నాకు ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు విడ్జెట్ కంటికి ఆనకూడదు, ఏదైనా చెడినప్పుడే కనపడాలి. ఇది కూడా నేను ఎక్కడా చదవలేదు. ఇంట్లో అన్నీ జరిగిపోతున్నన్నాళ్లూ నేను ఎవరికీ కనపడను. పప్పులో ఉప్పు తగ్గిన రోజు కనపడతాను.

పోయిన మాఘంలో సాయినాథ్, గిద్దలూరు వెంకటస్వామి కలిసి ఇంటర్నెట్ కనెక్షన్ల వ్యాపారం పెట్టారు. మార్కాపురం, పొదిలి లైన్లు రెండూ మా షాపు పైగదిలోని సర్వర్ల నుంచి పోతాయి. సర్వర్ల ఎదురుగా ఒక పెద్ద స్క్రీన్ పెట్టి, అవి ఎట్లా ఉన్నాయో చూస్తూ మా ఆయన కూర్చోవాలని వెంకటస్వామితో ఒప్పందం. "నువ్వు చేస్తావు కదా అవేవో, ఒకటి చేసిపెట్టు" అన్నాడు సాయినాథ్. ఆయన నా పని గురించి నాతో మాట్లాడటం అదే మొదలు.

చేశాను. వంట మధ్యలో, బట్టలు ఆరేసే మధ్యలో, పాపను బడికి పంపి చేశాను. వెనక పలక రంగు, అంకెలు తెలుపు. సర్వర్ బాగున్నప్పుడు దాని పెట్టె నీలం. వేడెక్కితే పెట్టె నారింజలోకి మారుతుంది, రెట్టింపవుతుంది, పక్కన త్రికోణం వస్తుంది, వేడి ఎంతో అంకె పెద్దదవుతుంది. ఒక్క రంగు మీదే ఏదీ ఆధారపడదు. ఎరుపు, ఆకుపచ్చ ఎక్కడా లేవు. అది ఎవరి కళ్ళ కోసం చేశానో నాకు తెలుసు. ఒకరోజు కాఫీ ఇచ్చే వంకతో పైగదికి వెళ్ళి, తలుపు దగ్గరినుంచే, "ఏమండీ, మూడోది ఎట్లా ఉంది?" అని అడిగాను. ఆయన కళ్ళు చికిలించకుండా, "కొంచెం వేడెక్కుతాంది" అన్నాడు. ఆ పూట కూర తరుగుతూ కూనిరాగం తీశానని మా అత్తగారు ఎవరితోనో అన్నారు.

పూజ రోజు పంతులుగారు కొబ్బరికాయ కొట్టాక అందరూ పైగదికి వచ్చారు. మా అత్తగారు స్క్రీన్ చూసి ఆగిపోయారు.

"ఇదేంది, శుభమా అని ఆఫీసు తెరుస్తా నల్లది పెట్టినారు?"

"నలుపు కాదత్తయ్యా, పలక రంగు" అన్నాను.

"ఏదైతే ఏంది, చీకటిగా ఉండాది. గడపకు పసుపు పూసి బొట్లు పెట్టుకున్నాం గదా కింద. అట్ల కళగా ఉండాల."

వెంకటస్వామి కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. "పెద్దమ్మ చెప్పింది బాగుండాది, సాయీ. ఇన్ని అంకెలు ఎవడు చూస్తాడు? సర్వర్‌కొక బొట్టు. బాగుంటే ఆకుపచ్చ, బాగలేకుంటే ఎరుపు. అయిపాయె" అన్నాడు.

"ఆ త్రికోణాలు గూడా తీసెయ్, రోడ్డు పక్కన బోర్డుల మాదిరి ఉండాయి" అన్నాడు సాయినాథ్ నాతో, నవ్వుతూ.

"ఆ రెండు రంగులూ వద్దండీ" అన్నాను.

"ఎందుకంట?" అన్నాడు సాయినాథ్.

పంతులుగారు, బంధువులు, వెంకటస్వామి అందరూ నా వైపు చూశారు. ఆయనకు ఎందుకో తెలుసు. నేను చెప్పలేనని కూడా తెలుసు. అందుకే అంతమందిలో అడిగాడు. మా అత్తగారు చీర కొంగు సర్దుకుంటూ నన్ను చూశారు. నేను నేల చూశాను.

"మాటకు ముందర వద్దంటది. రంగుల్లో నాకు పాఠం చెప్తాదంట" అన్నాడు. ఎవరో నవ్వారు.

అక్కడే కూర్చుని మార్చాను. వెనక పసుపు. వరసగా బొట్లు. అంకెలు తీసేశాను. మా అత్తగారు స్క్రీన్‌కి హారతి చూపించారు.

ఇంటికొచ్చాక నేను అన్నాను, నా మొదటిది అట్లాగే దాచిపెట్టాను, ఎవరూ లేనప్పుడు అది పెట్టుకోండి అని. "ఎవురన్నా వచ్చి చూస్తే ఏం చెప్పాల? నాకేం అవసరం లే" అన్నాడు. పసుపు మీద రెండు రంగుల బొట్లూ తనకు ఒకేలా కనపడతాయని ఆయనకూ తెలుసు. అయినా వద్దన్నాడు. తెలిసినట్టు కూర్చోవడం ఆయనకు అలవాటు. ఆ కూర్చోవడం కింద నేను ఉంటాను.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పైగదిలో ఏసీ ఆగిపోయింది. సాయినాథ్ స్క్రీన్ ముందే ఉన్నాడు. గది వేడెక్కిందని ఫ్యాన్ వేసుకున్నాడట, తలుపు వేసే ఉంచాడట. బొట్లు ఒక్కొక్కటీ ఎర్రబడ్డాయి. ఆయనకు అవి పొద్దున ఉన్నట్టే ఉన్నాయి. రెండు సర్వర్లు కాలిపోయాయి. మార్కాపురం, పొదిలిలో నెట్ పోయింది. ఏదో ప్రవేశ పరీక్షకు దరఖాస్తుల ఆఖరు రోజట, పిల్లల తండ్రులు షాపు ముందు చేరారు. సాయినాథ్ షట్టర్ దించి ఇంటికి వచ్చాడు.

పొద్దు వాలకముందే వెంకటస్వామి గిద్దలూరు నుంచి బయల్దేరానని ఫోన్ చేశాడు. సాయినాథ్ వంటింట్లోకి వచ్చాడు. మామూలుగా రాడు.

"అన్న వస్తాండు. రంగులు సరిగ్గా పెట్టలేదని చెప్పు. చదవడానికి రాకుండా చేసినావని."

"నేను చేసింది చదవొచ్చు. మీరు తీయించారు."

"ఇప్పుడదంతా ఎందుకు? కళ్ళు కనపడనోడితో వ్యాపారం చేస్తన్నానా అంటాడు. వాటా తీసుకోని పోతాడు."

మా అత్తగారు స్టవ్ మీద పాలు చూస్తూ అన్నారు, "నీ మీద వేసుకుంటే ఏం పోతాది, సింధూ? ఆడదాని తప్పంటే ఎవురూ పట్టించుకోరు. తెలియక చేసిందిలే అంటారు. వాడిదంటే ఊరంతా మోస్తాది."

ఆ మాట మీదే నేను ఆగాను. నా తప్పుకు విలువ లేదంటే నా పనికీ విలువ లేదు. నాకు వచ్చిన పని ఒక్కటే. దాన్ని కూడా నాకు రాదని నా నోటితో చెప్పాలి. చెప్తే, ఇక ఈ ఊళ్ళో ఎవరూ నాతో స్క్రీన్ చేయించుకోరు. చెప్పకపోతే, ఎనిమిదేళ్లు నేను కప్పింది నేనే విప్పినదాన్నవుతాను. ఈ రెండే దారులని వాళ్ళు అనుకుంటున్నారు. స్టవ్ ఆపి, వెంకటస్వామి వచ్చేసరికి గ్లాసుల్లో కాఫీ పోశాను.

వెంకటస్వామి కేకలేయలేదు. కాఫీ తీసుకుని, చెమట తుడుచుకుని, సాయినాథ్‌ను చూశాడు. "నువ్వు ముందరే కూర్చోనుంటివి గదా. ఎట్ల చూడలేదు?"

"తెరలోనే ఉండాది, అన్నా, లోపం. ఆమె చేసింది. ఆమెనే అడుగు" అన్నాడు సాయినాథ్.

వెంకటస్వామి నా వైపు తిరిగాడు. "ఏందమ్మా, నువ్వేనా చేసింది?"

"నేనే, అన్నా. రెండు చేశాను" అన్నాను. "మొదటిది మీరు పూజ రోజు చూశారు. ఎవరైనా చదవగలరు. రెండోది మీరంతా చెప్పినట్టు చేసింది. మీరు చదవగలరు, నేను చదవగలను. అందరూ చదవలేరు."

"ఎవురు చదవలేరు?"

మా అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, "సింధూ, పాప లేచినట్టుంది చూడు" అన్నారు. పాప నా పక్కనే నేల మీద బొమ్మ వేసుకుంటోంది.

"అది నేను చెప్పేది కాదు, అన్నా" అన్నాను. "చదవలేనివాళ్ళు తమ నోటితో చెప్పాలి. చెప్తే మూడోది చేస్తాను, వాళ్ళ కంటికి తగ్గట్టు, దగ్గర కూర్చోబెట్టుకుని అడిగి చేస్తాను. చెప్పనంతవరకు నేను స్క్రీన్ ముట్టుకోను. ఇంట్లోదీ ముట్టుకోను, షాపుదీ ముట్టుకోను."

వెంకటస్వామి సాయినాథ్ వైపు తిరిగి, గ్లాసు కింద పెట్టాడు. సాయినాథ్ నన్ను చూశాడు, ఎప్పటిలాగే, నేను మాట అందిస్తానని. నేను కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చున్నాను, వినడానికి.