చేపకు ఇద్దరి కాపలా

మామగారు స్నానాల గదిలో గడియ పెట్టుకున్న చప్పుడు వినగానే దర్జీ ఫ్రీజర్ తెరిచి, ఐసు ట్రేల వెనక దాచి గడ్డకట్టించిన నీళ్ళ సీసాని తీసి అక్వేరియంలోకి జారవిడిచాడు. పొద్దున్నే గది ఉడికిపోతోంది. బంగారు చేప ఓ మూల నిలబడి బరువుగా మొప్పలు ఆడిస్తోంది. కొన్నాళ్ళుగా దాని వాలకం బాగాలేదు. వేడికే అలా అయిందని చిన్న సీసా మానేసి పెద్దది పెడుతున్నాడు.

చెల్లెలి పురిటికి వెళ్తూ భార్య అతన్ని వంటింట్లోకి పిలిచి మరీ చెప్పింది. "నాన్నని నమ్ముకుంటే చేప దక్కదు. మీరే చూసుకోండి. ఆయనకి తెలియనివ్వకండి, నొచ్చుకుంటారు." పిల్లల్లేని ఇంట్లో ఆ చేపకి జరిగే గారాబం ఇంతా అంతా కాదు. దానికేమైనా అయితే ఆమెకి మొహం ఎలా చూపించాలో అతనికి తెలియదు.

అసలు నమ్మకమన్నది దర్జీకి పుట్టుకతోనే తక్కువ. తను తీసిన కొలత తనే మళ్ళీ తీసేవాడు. దుకాణం తాళం లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగేవాడు. మామగారి మీద అనుమానం పెళ్ళినాటిది. ఆయన చూపులో "వీడా!" అన్న మాట అప్పుడే వినిపించింది. నిన్న అక్వేరియం మూత కింద సన్నటి తెల్లదారం ఇరికించి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి దారం నేలమీద ఉంది. ముసలాయనకి మూతతో ఏం పని?

స్నానాల గది గడియ తీసిన చప్పుడుకి సీసా తీసి దాచేసి, కాసేపాగి వెళ్ళొస్తానన్నాడు. మామగారు పేపరు దించకుండానే తలూపారు. ఆ తలూపడం కూడా అతనికి నచ్చలేదు.

మిషను తొక్కుతున్నాడే గాని ధ్యాసంతా ఇంటి మీదే. చొక్కాకి రెండువైపులా ఎడమ చెయ్యే అతికించాడు. ఇన్నేళ్ళ పనిలో అలాంటి తప్పు ఎన్నడూ చెయ్యలేదు. కుట్లు విప్పుతూ విప్పుతూ కత్తెర పక్కన పడేసి, మిట్టమధ్యాహ్నం ఇంటిదారి పట్టాడు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు.

మామగారు మూత తీసిన అక్వేరియం ముందు నిలబడి ఉన్నారు. చేతిలో తువ్వాలు చుట్టిన ఐసు సీసా. అలాంటిదే ఇంకోటి నీళ్ళలో తేలుతోంది.

"ఏం చేస్తున్నారు మామయ్యగారూ?"

ఆయన ఉలిక్కిపడి, వెంటనే తేరుకున్నారు. "నువ్వు చెయ్యని పని. నీకు తీరికుండదని అమ్మాయి నాకు చెప్పే వెళ్ళింది." కింది వాటావాళ్ళ ఫ్రిజ్‌లో రోజూ సీసాలు పెట్టించుకుంటున్నారట. తెలిస్తే అల్లుడు చిన్నబుచ్చుకుంటాడని గుట్టుగా చెయ్యమందట.

"నాకూ అదే చెప్పిందండీ."

దర్జీ నీళ్ళలో చెయ్యి పెట్టాడు. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇన్నాళ్ళూ ఇద్దరిలో ఒక్కరూ చెయ్యి ముంచి చూడలేదు. చేప అడుగున గులకరాళ్ళ మీద ఒరిగి ఉంది. కదిపినా కదల్లేదు. అంత ఎండలోనూ అది చలికి చచ్చిపోయింది.

మామగారు కుర్చీలో కూలబడ్డారు. ఇక అనుమానించడానికి ఎవరూ లేకపోవడం దర్జీకి మరీ కష్టంగా ఉంది.

సాయంత్రం భార్య ఫోన్ చేసింది. చెల్లెలికి ఆడపిల్ల పుట్టిందని చెప్పి, గొంతు తగ్గించి, నాన్న పక్కనున్నారా అని అడిగింది. ఉన్నారన్నాడు. అయితే తర్వాత మాట్లాడతానంది.

"ఆయన్నీ విననీ. చేప పోయింది. ఒకరికి తెలియకుండా ఒకరం చూసుకున్నాం, అందుకే పోయింది."

అతను ఫోను మామగారికిచ్చి అక్వేరియం దగ్గరికి వెళ్ళాడు. దాని వెనక గోడవారగా చిన్న గిన్నె ఉంది. చేపకి పెట్టాలని ముసలాయన మెత్తగా ఉడికించి, పొట్టు ఒలిచి, గోటితో చిదిమిన బఠానీ గింజలు అందులో ఎండిపోతున్నాయి.