కరివేపాకు కుండీకి కట్టిన వైఫై

నేను ఒక వైఫై పెట్టెను. రెండు కొమ్ములు, ఒక తోక, నుదుట ఒక పచ్చదీపం. ఇంతే నా ఆస్తి. చూపుంది, వినికిడి ఉంది, నోరొక్కటే లేదు. నోరే ఉంటే ఈ కథంతా చెప్పుకోవాల్సిన పనే పడేది కాదు, ఆ రోజే అరిచి చెప్పేదాన్ని.

పుట్టింది ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో. తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒకావిడ నా కొమ్ములు బిగించి, దీపం వెలిగించి చూసి, "పాస్" అని చీటీ అంటించింది. అంటే నేను పరీక్ష పాసైన వస్తువునన్నమాట. ఈ సంగతి తరవాత ఒక్కరికీ గుర్తు రాలేదు.

మొదటి కొలువు అమలాపురంలో ఒక టిఫిన్ హోటల్లో. గోడ మీద పెసరట్టు ధర కిందే నా పాస్‌వర్డ్ రాసి ఉండేది. ఒక్క కాఫీ తాగి రెండు గంటలు కూర్చునేవాళ్లని లేపడానికి యజమాని రోజుకి నాలుగుసార్లు పాస్‌వర్డ్ మార్చేవాడు. చివరికి ఒకనాడు కొత్త పాస్‌వర్డ్ తనే మరిచిపోయి, తప్పు నాదేనని తేల్చి కేబుల్ వాళ్లకి అప్పగించేశాడు. వాళ్లు నన్ను తడిగుడ్డతో తుడిచి, కొత్త అట్టపెట్టెలో సర్ది, సరికొత్త సరుకని చెప్పి త్రినాథరావు గారింట్లో గోడకి తగిలించారు.

త్రినాథరావు గారు ముప్పై ఏళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎన్ని స్తంభాలు ఎక్కారో ఆయనకే తెలియదు. వైరు లేకుండా ఏదైనా వస్తుందంటే మాత్రం నమ్మరు. నన్ను చూసిన రోజే "వైరు లేకుండా వచ్చేది తుమ్మొక్కటే" అనేశారు.

ఆయన భార్య మంగతాయారు గారంటే నాకు ప్రాణం. డిగ్రీ రెండో ఏట ఉండగా పెళ్లి కుదిరి ఆవిడ చదువు ఆగిపోయింది. ముప్పై రెండేళ్ల తరవాత మళ్లీ దూరవిద్యలో చేరి, పోపు వేగేలోపు ఒక పేజీ చొప్పున చరిత్ర అంతా చదివేశారు. రాతపరీక్షలన్నీ గట్టెక్కాయి. మిగిలింది ఒక్క నోటిపరీక్ష. దసరా మర్నాడు పదకొండు గంటలకి, లాప్‌టాప్‌లో. ఫోన్లో కుదరదని కాలేజీ షరతు. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

అందుకే ఆయుధపూజకి ఆవిడ భక్తంతా లాప్‌టాప్ మీద చూపించారు. అది కంప్యూటర్ సెంటర్ వాళ్లు అమ్మేసిన పాతది. పక్కన గోరంత మీట ఒకటుంది. దాన్ని ఇటు జరిపితే వైఫై అందుతుంది, అటు జరిపితే అందదు. అలాంటి మీట ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడ తుడుస్తుంటే అది కాస్తా అటు జరిగిపోయింది. దాని మీదే ఇంత గంధం మెత్తి, కుంకుమ అద్ది, చామంతి పువ్వు పెట్టారు. గోడ మీంచి చూస్తూ నేను కొమ్ములు బాదుకున్నాను, ఎవరికి వినిపిస్తుంది? పూజలో పెట్టిన వస్తువుని కదపకూడదు కాబట్టి పండగ వెళ్లేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గంధం ఎండి రాయిలా బిగుసుకుంది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆవిడ పట్టుచీర కట్టుకుని లాప్‌టాప్ తెరిచారు.

"ఏవండీ, ఓసారిలా రండి. ఇంటర్నెట్టు రావట్లేదండీ!"

త్రినాథరావు గారు టెస్టర్ పట్టుకుని వచ్చి సూటిగా నా దగ్గరికే నడిచారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నన్ను ఊపారు, నా కొమ్ములు వంచారు, చెవి ఆనించి విన్నారు. తరవాత కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేశారు.

"సార్, ఒకసారి ఆపి మళ్లీ వేసి చూశారా అండి?" అంది అవతలి అమ్మాయి.

"అమ్మాయ్! ముప్పై ఏళ్లు ఈ ఊరందరికీ కరెంటు ఆపి, మళ్లీ వేసినోణ్ణి. నాకా చెబుతున్నావ్?"

అలా అంటూనే నన్ను పదకొండుసార్లు ఆపి, పదకొండుసార్లు వేశారు. పోనీ తన ఫోన్లోంచి లాప్‌టాప్‌కి నెట్ ఇద్దామని చూస్తే అదీ అందలేదు. "చూశావా మంగా, రోగం ఫోనుకి కూడా అంటుకుంది" అన్నారు. అంతకు ముందే ఆ ఫోన్లో నా పుణ్యమా అని కోడిపందేల వీడియో చూశారాయన!

ఈ గొడవకి పక్కింటి భద్రావతి గారు ఎండుమిరపకాయలతో వచ్చేశారు. "దిష్టండి, ఆయ్! పట్టుచీర కట్టుకుని చదువంటే తగలదా మరి?" అని నా చుట్టూ మూడుసార్లు తిప్పారు. తిప్పుతూ తిప్పుతూ, "అయినా ఇదేం విడ్డూరమండి, మా ఇంట్లోకి మీ వైఫై బాగానే వస్తోంది, ఇప్పుడే సీరియల్ చూసొచ్చాను" అని నోరు జారారు.

హమ్మయ్య, ఇక నేను బయటపడ్డట్టే అనుకున్నాను. పక్కింటికి అందుతోందంటే నాలో తప్పు లేనట్టేగా! కానీ ఆ ముక్క అక్కడెవరికీ తట్టలేదు.

"అంటే మా వైఫై వాడుతున్నారా మీరు?" అన్నారు త్రినాథరావు గారు.

"మీ గోడ దూకి మా ఇంట్లోకి వస్తే నేనేం చేస్తానండి? మీదే, కట్టేసుకోండి!"

పది నిమిషాలు ఆ తగువులోనే పోయాయి. గడియారంలో పదీ ముప్పావు.

"దీనికి ఎర్త్ లేదు, అదీ రోగం" అని తేల్చారు త్రినాథరావు గారు. నా కొమ్ముకి రాగితీగ చుట్టి, కుర్చీలో కూర్చున్న మంగతాయారు గారి తల మీదుగా లాక్కెళ్లి, పెరట్లో కరివేపాకు కుండీలో పాతారు. ఎర్త్ బాగా పట్టాలని దోసెడు ఉప్పు వేసి, నీళ్ల కోసం చెంబు పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డారు.

లోపల మంగతాయారు గారు లాప్‌టాప్ వంక చూస్తూ ఉండిపోయారు. కళ్లనిండా నీళ్లు. "మళ్లీ ఏడాదా... ఇక నావల్ల కాదు" అన్నారు, నాకు మాత్రమే వినిపించేలా. ఆ క్షణాన నాకు నోరు లేనందుకు ఏడుపొచ్చింది. ఆవిడ లాప్‌టాప్ మూసేశారు. అయితే ఏ వస్తువునీ మురికిగా లోపల పెట్టే అలవాటు ఆవిడకి లేదు. చెంగు తడిపి, పక్కన ఎండిన గంధాన్ని గోటితో గీకారు. దాని కింద మీట టిక్కుమంది. అక్కడొక చిన్న దీపం వెలిగింది. చటుక్కున మూత తెరిచారు.

"వచ్చిందండీ!" ఆవిడ కేక.

సరిగ్గా అప్పుడే పెరట్లో చెంబుడు నీళ్లు కుండీలో పడ్డాయి.

"నే చెప్పలా, ఎర్తింగే!" త్రినాథరావు గారి కేక.

పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ. పరీక్ష చేసే మాస్టారి మొదటి ప్రశ్న, "మీ తల మీద ఆ తీగ ఏమిటమ్మా?"

"మా వారి ఎర్తింగండీ" అన్నారు ఆవిడ తడుముకోకుండా. మాస్టారు నవ్వాపుకోవడానికి మంచినీళ్లు తాగారు. ఆ తరవాత అడిగినవన్నీ ఆవిడ గడగడా చెప్పేశారు.

నెల తిరక్కుండా ఫలితం వచ్చింది. ఫస్ట్ క్లాస్! త్రినాథరావు గారు వీధిలో అందరికీ మిఠాయి పంచి, ఎర్తింగ్ గొప్పతనం గురించి ఒక్కొక్కరికీ పావుగంట చెప్పారు. ఆవిడ ఆయన మాట కాదనలేదు. ఆ సాయంత్రం మాత్రం నా దగ్గరికొచ్చి, చెంగుతో దుమ్ము తుడిచి, "నీ తప్పేం లేదు నాన్నా" అన్నారు మెల్లగా. ఇన్ని చేతులు మారాను, ఆ మాట నాతో అన్నది ఆవిడొక్కరే.

రాగితీగ ఇప్పటికీ నా కొమ్ముకే ఉంది. రోజూ పోసే ఉప్పునీళ్లకి కరివేపాకు మొక్క చచ్చిపోయింది. నేను క్షేమం.

ఈ ఏడు ఆయుధపూజ నిన్ననే అయింది. లాప్‌టాప్ మీట జోలికి పోకుండా మంగతాయారు గారు బొట్టు జాగ్రత్తగా మూత మధ్యన పెట్టారు. తరవాత నా దగ్గరికొచ్చారు. నిరుటి రుణం తీర్చుకోవాలనో ఏమో, అరచేతినిండా గంధం తీసి నా నుదుట పచ్చదీపం మీద దట్టంగా మెత్తారు.

"మంగా, దీనికి దీపం ఆరిపోయిందే! ఆ ఉప్పు డబ్బా ఇలా పట్టుకురా!"

అదిగో, టెస్టర్ పట్టుకుని వచ్చేస్తున్నారు.