మార్లిస్ చేతికి పట్టని తొడుగులు

గొర్రెలు ఈనే రోజులు ఇంకో వారంలో మొదలవుతాయనగా, ఎర్విన్ తన కూతురి రైఫిల్‌ని సంచిలో పెట్టుకుని వెల్డా నడిపే దాణా కొట్టుకి వెళ్ళాడు. ఆ కొట్లో ఒకవైపు దాణా బస్తాలు, ఇంకోవైపు తుపాకీ సామాను. వయోమింగ్‌లో గొర్రెలు కాసేవాళ్ళకి రెండూ కావాలి మరి. పిల్లలు పుట్టే వేళకి కొయోటీ నక్కలు కాచుక్కూర్చుంటాయి.

ఆ రైఫిల్ గొట్టం చుట్టూ, ఎడమచెయ్యి పట్టే చోట, పళ్ళు పళ్ళుగా లోహపు పట్టాలుంటాయి. దీపమో మరోటో బిగించుకోడానికి పెట్టారవి. ఉత్త చేత్తో పట్టుకుంటే కొరుకుతాయి, చలికి చర్మం అంటుకుంటుంది. అందుకని పైన తొడుగులు వేస్తారు. కూతురు మార్లిస్‌కి పదహారేళ్ళు వచ్చినప్పుడు ఎర్విన్ ఏరి ఏరి మంచి దళసరివి వేయించి ఇచ్చాడు, అచ్చం తన రైఫిల్‌కి ఉన్నటువంటివే.

"లావుగా ఉన్నాయి నాన్నా, పట్టు దొరకట్లేదు" అందా పిల్ల.

"వాడగా వాడగా అదే అలవాటవుతుందిలే" అన్నాడాయన.

రెండేళ్ళు తండ్రి పక్కన మంచులో బోర్లా పడుకుని కాపలా కాసింది. మూడో ఏడు, "నాకు మనసు లేదు" అని రైఫిల్ గోడకి తగిలించేసి, ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర పనికి కుదిరింది. ఎవరడిగినా ఎర్విన్, "దానికి చలి పడదు" అని చెప్పేవాడు. చెప్పి చెప్పి తనూ నమ్మేశాడు. అలా ఏడేళ్ళు గడిచాయి.

ఈ ఏడు ఆయన రైఫిల్ బాగుకి వెళ్ళింది, అందుకే గోడ మీది కూతురి రైఫిల్ దించాడు. కీళ్ళవాపుతో వేళ్ళు కూడా అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి.

"ఏదీ, పట్టుకో చూద్దాం" అంది వెల్డా.

వేళ్ళు చుట్టూ తిరగలేదు. గొట్టం జారింది.

"పట్టు దొరకట్లేదు" అన్నాడు. అని, అలాగే నిలబడిపోయాడు.

"ఏమయ్యా, కొయ్యబారిపోయావేం?"

"ఇవి అప్పుడు నేనే ఏరాను కదూ?"

"నువ్వే. ఇదిగో ఇక్కడే నిలబడి, ఎలుగుబంటిలా పంజా చాపి కొలుచుకున్నావు. పిల్ల బయట ట్రక్కులో కూర్చునుంది. లోపలికి పిలవవయ్యా అంటే, దానికేం తెలుసన్నావు."

ఎర్విన్ అరల వైపు తిరిగాడు. సన్నటి రబ్బరు తొడుగులు తీసుకున్నాడు. పొడుగ్గా పట్టీల్లా ఉన్నాయవి, కావలసినంత కోసుకోవాలి.

"చెయ్యి చూసుకుని మరీ కొయ్యి. కోశాక అతకదు" అంది వెల్డా.

ఇంటికి పోకుండా నేరుగా కూతురి దగ్గరికి వెళ్ళాడు. మార్లిస్ వంటింటి బల్ల మీద బంగాళాదుంపలు తరుగుతోంది. రైఫిల్ సంచి గోడకి ఆనించి, వాటి పక్కనే తొడుగులు పెట్టాడు.

"నీ కోసమే. సన్నవి తెచ్చాను. ఈసారి కాపలాకి వస్తావేమోనని..."

ఆమె చెయ్యి తుడుచుకుని, పట్టీని వంచి చూసింది.

"పదహారేళ్ళప్పుడు తేవాల్సింది నాన్నా."

"నీకు చలి పడదనుకున్నానే."

"చలి కాదు. నా గురి తప్పినప్పుడల్లా, దీనికి చూపు ఆనదురా అని నలుగురిలో నవ్వేవాడివి. చూపు బానే ఉండేది. రైఫిలే చేతిలో నిలిచేది కాదు." పట్టీని బల్ల మీద పెట్టింది. "నేను రాను నాన్నా. రావాలని ఉన్న రోజులు పోయాయి."

కోపంగా అనుంటే ఆయనా నాలుగు మాటలు అనుండేవాడు. ఆమె మామూలుగా అంది. ఎర్విన్ బంగాళాదుంపల వంక చూస్తూ కూర్చున్నాడు.

రైఫిల్ సంచిలోంచి తీసి, తూటాలు లేవని చూసుకుని, మార్లిస్ దళసరి తొడుగులు ఊడబీకింది. ఆయన గబగబా కత్తెర అందుకోబోయాడు.

"ఆగు. ముందు నీ చెయ్యి ఇలా తే."

వాచిన వేళ్ళని ఒక్కొక్కటే పట్టుకుని గొట్టం చుట్టూ పేర్చింది. "నొప్పెడుతోందా? ఇక్కడికి సరిపోయిందా?" అని అడిగి, ఆయన చెప్పేదాకా ఆగి, పట్టీ మీద పెన్సిలుతో గీత పెట్టింది. ఆ తర్వాతే కోసింది.