ఇద్దరమే వెళ్దాం

ప్యాకేజీ టూరన్న మాట చెవిన పడితే చాలు, ప్రొఫెసర్ శశిభూషణ్‌కి ఒళ్ళు మండిపోయేది. "నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా! వాడెవడో జెండా పట్టుకుని ముందు నడుస్తాడట, వెనకాల మనం గొర్రెల్లా పోవాలట. గుడి దగ్గర పది నిమిషాలు, పక్కనున్న చీరల కొట్లో గంట! దానికి మనమే డబ్బులిచ్చి దండం పెట్టాలి" అని యూనివర్సిటీ క్యాంటీన్లో మొదలెట్టాడంటే చాయ్ చల్లారిపోవలసిందే. టికెట్లు మనమే కొనుక్కోవాలి, హోటలు మనమే వెతుక్కోవాలి, బుద్ధి పుట్టిన చోట దిగాలి. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆయన భార్య శ్రీలలిత ఈ మాటలన్నీ నమ్మింది. నమ్మడమేమిటి, లోలోపల మురిసిపోయింది కూడాను. ఊటీ, మున్నార్, అండమాన్, ఎక్కడికైనా ఇద్దరే. తార్నాకలో వాళ్ళ అపార్ట్‌మెంటు ఆడవాళ్ళు బస్సు మాట్లాడుకుని, పులిహోర మూటలు కట్టుకుని శ్రీశైలం పోతుంటే బాల్కనీలోంచి చూసి, "పోనీలే, మా ఆయనకి నాతో ఒంటరిగా ఉండటమే ఇష్టం" అనుకునేది. యాభై దాటిన ఆడదానికి ఆపాటి మురిపెం ఉండకూడదా ఏం?

ఆమెకి ఫిట్స్ ఉన్నాయి. ఆరేళ్ళ కిందట ఓ పొద్దున వంటింట్లో పడిపోయింది. మాత్ర మానకుండా వేసుకుంటే అందర్లాగే ఉండొచ్చన్నాడు డాక్టరు. అలాగే ఉంది, ఎప్పుడో ఒకసారి తప్ప. "పిల్ల పెళ్ళయ్యేదాకా బయటపెట్టకు" అన్నాడు శశిభూషణ్. సంబంధాలు చూస్తున్న రోజులు. తల్లికి మూర్ఛ అంటే పిల్లనెవడు చేసుకుంటాడు? నిజమేననుకుంది. పిల్ల పెళ్ళయింది, మనవరాలూ పుట్టింది. మాత్రల డబ్బా మాత్రం ఇంకా బియ్యం డబ్బా వెనకాలే ఉంది.

ఈ వేసవికి వియత్నాం అన్నాడు. విమానం, హోటళ్ళు అన్నీ తనే బుక్ చేశాడు. చివరికి ఇన్సూరెన్సు దగ్గరికొచ్చేసరికి శ్రీలలిత పక్కనే కూర్చుని ఉంది. ఇదివరకే ఉన్న జబ్బులేమిటని కంప్యూటర్లో అడిగితే, ఆయన 'లేవు' అని టక్కున నొక్కేశాడు.

"అదేంటండీ, నా ఫిట్స్ సంగతి?"

"రాస్తే సవాలక్ష ప్రశ్నలేస్తాడు. రెండేళ్ళనించీ రాలేదుగా."

"అక్కడ పడిపోతే? దాచిపెట్టామని తెలిస్తే వాళ్ళు పైసా ఇవ్వరటగా. భాష రాని ఊళ్ళో..."

"నువ్వు పడవులే. శకునం పలక్కు" అని లేచి వెళ్ళిపోయాడు.

పడకుండా ఉండటం ఆమె చేతిలో పని అయినట్టు! ఆ క్షణంనించీ ఆమెకి వియత్నాం అంటే తెల్లగోడల ఆసుపత్రి ఒక్కటే కళ్ళముందు కనిపించింది. తను మంచం మీద పడి ఉంటుంది, డాక్టరు ఇంతకు ముందెప్పుడైనా వచ్చిందా అని అడుగుతాడు, ఈయన లేదంటాడు. తప్పకుండా అంటాడు. మొగుడి సంగతి తనకి తెలీదూ?

మర్నాడు పొద్దున క్యాంపస్‌లో నడుస్తుంటే లక్ష్మీదేవి ఎదురైంది. శశిభూషణ్ డిపార్ట్‌మెంటులోనే పనిచేసే నాగేంద్ర భార్య, కడప మనిషి, లోపలొకటి బయటొకటి ఉండదు.

"అక్కా, మన డిపార్ట్‌మెంటోళ్ళమంతా వియత్నాం పోతాండాం, ప్యాకేజీలో. మా ఆయనకేమో వాల్యుయేషన్ డ్యూటీ పడింది, రాల్యాడు. రూములో నాకు తోడు ఎవరూ లేరు. మీరొస్తారేమోనని అడుగుదామనుకుంటి. కానీ భయపడితిని."

"నన్ను అడగడానికి భయమేంటండీ?"

"మీకు నలుగుర్లో కలిసేది నచ్చదంట కదా. సారు చెప్పినారు. మా ఆవిడకి మనుషులంటే పడదు, ఇంటికి ఎవరన్నా వచ్చినా చిరాకు పడతాదని. అందుకే కదక్కా, మేం పేరంటానికి గూడా పిలిచేది మానుకున్నాం."

అదా సంగతి అనుకుంది శ్రీలలిత. పేరంటాలకి పిలుపులు ఎందుకు ఆగిపోయాయో తెలియక ఎన్ని రోజులు ఏడ్చింది! తమలాంటి కోస్తావాళ్ళకి పొగరనుకుంటున్నారేమోనని, పండక్కి అరిసెలు చేసి డిపార్ట్‌మెంటుకి పంపితే, ఈయన అవి ఏ క్యాంటీన్లో ఎవరికిచ్చాడో ఏమో. ఇంకొకటి గుర్తొచ్చింది. ఫిట్స్ రాకముందు ఇదే డిపార్ట్‌మెంటుతో కాశీ వెళ్ళారు. ఆ గుంపుకి ముందు జెండా పట్టుకుని నడిచినవాడు సాక్షాత్తూ ఈ శశిభూషణే! గుంపంటే పడకపోవడం ఆ తర్వాత పుట్టిన జబ్బన్నమాట. ఓరి మహానుభావా, తనతో ఒంటరిగా ఉండటం ఇష్టమయ్యీ కాదు, ఏకాంతం కోసమూ కాదు. పదిమంది మధ్య భార్య పడిపోతే తన పరువేమైపోతుందోనని దాచిపెట్టుకున్నాడు. ఆరేళ్ళు ఆమె మురిసింది దీనికా!

"వస్తానండీ. మీ గదిలోనే ఉంటాను" అంది శ్రీలలిత. లక్ష్మీదేవి సంతోషం పట్టలేక ఆమె చేతులు పట్టుకుంది.

శనివారం సాయంత్రం టూరు వాళ్ళ మనిషి మనోజ్ డిపార్ట్‌మెంటుకొచ్చాడు, లాలాగూడ కుర్రాడు. సెమినార్ హాల్లో అందరూ చేరారు. శ్రీలలిత మొగుడికి చెప్పకుండా, పట్టుచీర కట్టుకుని మరీ వెళ్ళింది. లక్ష్మీదేవి తన పక్క కుర్చీ ఆపి ఉంచింది. ఎవరో జంతికల పొట్లం అందించారు. ఎన్నాళ్ళకి ఇలా పదిమందిలో కూర్చుందో! ప్రాణం లేచొచ్చింది.

"సార్, మేడం, ఇన్సూరెన్స్ కోసం అడుగుతున్న. షుగర్, బీపీ ఏమున్నా దాచిపెట్టకుండ్రి. తర్వాత క్లెయిమ్ కాకపోతే నన్ను తిట్టొద్దు మల్ల" అన్నాడు మనోజ్.

హాలంతా నవ్వులు. "నాకు షుగర్, రాసుకో!" "నాకు స్టెంటు, రెండు!" "మా ఆయనకి లేని రోగం అడుగు నాయనా, అది తేలిక!" జబ్బులు చెప్పడం కూడా ఓ వేడుకలా ఉంది. శ్రీలలితకి ధైర్యం వచ్చింది. ఇంత సులువైన పనికా ఆరేళ్ళు భయపడింది అనుకుంది.

"నాకు ఫిట్స్ ఉన్నాయి. మాత్రలు వాడుతున్నాను" అంది.

నవ్వులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

మనోజ్ ఒక్కడే మామూలుగా ఉన్నాడు. "ఏం పరేషాన్ కాకుండ్రి మేడం. డాక్టర్ లెటర్ తెండ్రి. గిసొంటివి కూడా కవర్ చేసే పాలసీ ఉన్నది, జర ఎక్కువ కట్టాలె, గంతే" అని రాసుకున్నాడు. అయిపోయింది. కంపెనీకి అభ్యంతరం లేదు.

మనుషులకే ఉంది. వెనక వరసలోంచి ఓ మేడం, సైన్సు పాఠాలు చెప్పే ఆవిడ, పక్కావిడ చెవిలో అన్న మాట హాలంతా వినపడింది: "తాళాల గుత్తి ఎప్పుడూ దగ్గరుంచుకోవాలండోయ్, మూర్ఛొస్తే చేతిలో పెట్టాలట." ఇంకొకాయన గొంతు సవరించుకుని, విమానంలో అలాంటివాళ్ళని ఎక్కనిస్తారా అని మనోజ్‌ని అడిగాడు, శ్రీలలిత అక్కడ లేనట్టే. ఆమె లక్ష్మీదేవి వైపు చూసింది. లక్ష్మీదేవి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు" అంది చివరికి, తలెత్తకుండా. "రాత్రిపూట మీకేమన్నా అయితే నాకేమి చేయనీకి తెలుస్తాది? నాకే బీపీ. మీరు సారుతో పోతేనే మేలు కదా." తర్వాత మనోజ్ వైపు తిరిగి, "నాకు సింగిల్ రూము చూడప్పా, ఎంతైనా కానీ" అంది.

ఎంతైనా కానీ! ఆ మాట శ్రీలలితకి గుండెలో గుచ్చుకుంది. లక్ష్మీదేవి చెడ్డ మనిషి కాదు, అదే బాధ. చెడ్డదైతే ఇంటికెళ్ళి నాలుగు తిట్టుకుని ఊరుకునేది. "నా పేరు తీసెయ్ బాబూ" అని చెప్పి బయటికొచ్చింది. ఎవరూ ఆగమనలేదు. తార్నాకదాకా నడిచింది. ఆటోవాళ్ళు పిలుస్తున్నా పలకలేదు. పట్టుచీర అంచు దుమ్ముకొట్టుకుపోయింది.

ఇంట్లో శశిభూషణ్ లాప్‌టాప్ ముందున్నాడు. "ఎక్కడికెళ్ళావు, ఇంత సింగారించుకుని?" అన్నాడు.

ఆమె నిలబడే చెప్పింది. హాల్లో అందరి ముందూ ఫిట్స్ ఉన్నాయని చెప్పాననీ, ఇన్సూరెన్సువాళ్ళు సరేనన్నారనీ, లక్ష్మీదేవి మాత్రం తనతో ఒక గదిలో పడుకోనందనీ. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆరేళ్ళ కోపం ఉంది, మనుషులంటే పడదని ఊరంతా చాటినందుకు నిలదీయాలని దారిపొడుగునా అనుకుంటూ వచ్చింది. అయినా ఆ నిమిషాన ఆమెకి కావలసింది ఒక్క మాట. అయ్యో అన్నా చాలు. నేను ముందే చెప్పలేదా అని దెప్పినా సరిపెట్టుకునేది.

శశిభూషణ్ మొహం పాలిపోయింది. లాప్‌టాప్ మూసేశాడు.

"ఎవరెవరున్నారక్కడ?" అన్నాడు.

"నేనున్నానండీ" అంది శ్రీలలిత, కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్కదాన్నే, అంతమంది మధ్య."

"నీ సంగతి కాదు" అన్నాడు ఆయన విసుగ్గా. "ఇంకా ఎవరెవరు విన్నారో చెప్పు."