ఖాళీ వాటా

మా ఇంటి కంప్యూటర్‌లో నలుగురికీ నాలుగు వాటాలు వేయించింది నేనే. కొన్నరోజు దుకాణం అతను "డిస్కు మొత్తం ఒకటిగా ఉంచమంటారా?" అనడిగితే, "ఒకటిగా ఉంచితే కొట్టుకు చస్తారు నాయనా, ముందే గట్లు వేసెయ్" అన్నాను. ఊరిబళ్ళో విరిగిన పలకని ఇద్దరం పంచుకుని అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి, పంపకాలంటే నాకు కొట్టినపిండి. మొదటి వాటా మా అమ్మాయిది. విండోస్ కాపురం కూడా అందులోనే. రెండోది అల్లుడిది, నిండా పాటలే. మూడోది నాది. నాలుగోది మా ఆవిడది.

నా వాటాలో నేను మైకు ముందు కూర్చుని చెప్పిన సంగతులున్నాయి. సుడిగాలికి కళ్ళెం వేసి పక్కఊరికి పోయి గొడుగు బాగుచేయించుకొచ్చిన వైనం, చేపకి ఈత నేర్పబోయి నేను మునిగిన వైనం, ఇంకా చాలా. అన్నీ జరిగినవే. మా ఆవిడ మాత్రం వాటిని కోతలంటుంది.

అమ్మాయి ముందుగదిలో ఎంబ్రాయిడరీ చేస్తుంది. బడిపిల్లల చొక్కాలకి బ్యాడ్జీలు కుట్టే పెద్ద ఆర్డరొస్తే కొత్త మిషను తెచ్చుకుంది. ఆ మిషనుకి కొత్త విండోస్ కావాలట. కొత్త విండోసేమో పాతపద్ధతిలో గీసిన డిస్కు మీద కాలు పెట్టనని భీష్మించింది. కంప్యూటర్లు బాగుచేసే మా మేనకోడలికి కబురు పెట్టాం.

వచ్చింది, చూసింది. "మావయ్యా, మీ డిస్కు ఎంబీఆర్, అంటే పాతపద్ధతిది. దీన్ని జీపీటీ అనే కొత్తపద్ధతికి మార్చాలి. లోపలున్నవి చెరపకుండానే మార్చొచ్చులే" అంది. ముందుజాగ్రత్తగా అందరి సరుకూ తన వెంట తెచ్చుకున్న డిస్కులోకి ఎక్కించింది. తర్వాత నల్లతెర ఒకటి తెరిచి ఏదో టైపు చేసింది. కుదరదంది కంప్యూటరు. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే మాట. డిస్కు బొమ్మ తెరిచి చూసి ఫక్కున నవ్వింది.

"ఈ నాలుగు వాటాలూ ఎవరి తెలివి?"

"మీ మావయ్యది కాక ఇంకెవరిది?" అన్నాడు అల్లుడు.

"పాతపద్ధతి ఇంటికి నాలుగే గుమ్మాలు మావయ్యా. నాలుగూ మీరే పంచేసుకున్నారు. మారాలంటే కంప్యూటర్ నిద్రలేవడానికి ఇంకో చిన్న గది కావాలి. దానికి గుమ్మమేదీ? ఒక వాటా తీసేస్తేగానీ పని జరగదు."

నలుగురం ఒకేసారి తెరమీద నాలుగో వాటా వైపు చూశాం. అందులో ఏమీ లేదు. కొన్ననాటినుంచీ లేదు.

"దానికేముంది, ఖాళీయేగా, తీసెయ్" అన్నాను.

"ఎవర్నడిగి?"

గుమ్మంలో మా ఆవిడ, తడిచేతులు తుడుచుకుంటూ.

"అందులో ఏమీ లేదు కదే!"

"ఏమీ లేకపోతే నాది కాకుండా పోతుందా?"

"అది కాదమ్మా, నా ఆర్డరు..." అంది అమ్మాయి.

"నీ ఆర్డరు ఆగాలని నేనంటున్నానా? నా వాటా తియ్యొద్దంటున్నాను."

మేనకోడలు కుర్చీ తిప్పింది. "అత్తయ్యా, మారిపోయాక ఎన్ని గదులైనా కట్టుకోవచ్చు. నీది మళ్ళీ కట్టిస్తానుగా."

"అయితే మీ మావయ్యది తీసి, ఆయనకే మళ్ళీ కట్టు."

అల్లుడు పైకప్పు చూశాడు. "నాది నిండుగా ఉంది కదే" అన్నాను. నా చెవికే అది పస లేని మాటలా వినిపించింది.

"ఇంతకీ ఏం చేస్తావే దాంతో?" అని అడిగాను. వేళాకోళానికి కాదు.

తను చేతులు పూర్తిగా తుడుచుకుంది. "మధ్యాహ్నం మీరంతా పడుకున్నాక తెరుస్తాను. ఖాళీగా ఉందని చూపిస్తుంది. మూసేస్తాను. ఈ ఇంట్లో నేను తలుపు తీస్తే సర్దాల్సిందేమీ లేని చోటు అదొక్కటే."

అమ్మాయి తల వంచుకుంది.

"నాదే తీసెయ్యవే" అన్నాను మేనకోడలితో.

తీసేసింది. నా సుడిగాలి, నా చేప, అన్నీ ఒక నల్లపట్టీ అయిపోయాయి. వేరే డిస్కులో భద్రంగానే ఉన్నాయని తెలిసినా చెయ్యి ఛాతీ మీదికి పోయింది. ఈసారి మార్పు నోరెత్తకుండా జరిగిపోయింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే మాత్రం నల్లతెరే! విండోస్ లేదు, ఏమీ లేదు. అమ్మాయి మొహం పాలిపోయింది.

"కంగారుపడకు వదినా" అంది మేనకోడలు, తను కూడా కొంచెం పడుతూనే. "డిస్కు మారింది గానీ, లేచే పద్ధతి మార్చడం మర్చిపోయాను." లోపలి సెట్టింగుల్లోకి దూరి, పాతపద్ధతి తీసేసి యూఈఎఫ్ఐ అన్నదాన్ని పెట్టింది. విండోస్ ఒళ్ళు విరుచుకుని లేచింది. ఇక కొత్తది ఎక్కించడానికి అడ్డేమీ లేదంది.

నా వాటా మళ్ళీ కట్టించింది. "కథలు వేసెయ్యనా మావయ్యా?"

"ఉండవే, కాసేపు చూడనీ."

తెరిచాను. ఖాళీగా ఉందని చూపించింది. చూస్తూ కూర్చున్నాను. మొదట బెరుగ్గా అనిపించింది. తర్వాత, ఎవరూ నన్ను పిలవని చోట ఉన్నట్టు కాస్త హాయిగా కూడా ఉంది. అంతలోనే నాలుక దురదపెట్టింది. "ఇంత ఖాళీని నేను ఒకేఒక్కసారి చూశానర్రా, అప్పుడేమైందంటే..."

"వేసెయ్యమ్మా, ఆయన కథలు ఆయనకి వేసెయ్" అంది మా ఆవిడ.

వేయించుకుని లేచాను. కుర్చీలో తను కూర్చుంది. నెమ్మదిగా నాలుగో వాటా తెరిచింది.

"ఏమైనా పోయిందా?" అనడిగింది మేనకోడల్ని.

"ఏదీ పోలేదు అత్తయ్యా. ఉన్నది ఉన్నట్టే ఉంది."

నేను వెనకే నిలబడి ఆ తెల్లతెరనే చూస్తున్నాను. తను తల తిప్పింది.

"ఏం?"

"ఏం లేదు."

"అయితే కాస్త పక్కకి జరగండి. వెలుతురు పడటం లేదు."

జరిగాను.