రుంబా మీద డప్పు

తొంభై ఒకటిలో కల్వకుర్తి మైక్‌సెట్ యాకూబ్, దుబాయి నుంచి వచ్చిన బావమరిది దగ్గర ఒక కీబోర్డు కొన్నాడు. దానిమీద డిస్కో, రుంబా, సాంబా అని బటన్లు. అవి ఏ దేశపు దరువులో ఎవరికీ తెలియదు. కానీ వాటిమీద యాకూబ్ పెళ్ళి బ్యాండు తెలుగు, ఉర్దూ, లంబాడీ పాటలు ఒకదాని వెనక ఒకటి ఎత్తుకుంటుంటే నల్గొండ దాకా పిలుపులొచ్చాయి.

యాకూబ్ దేన్నయినా తూచి చూసే మనిషి. ఆ కీబోర్డు మిషన్‌లోనే డప్పు మోత ఉండగా డప్పు కొట్టే మనిషెందుకని లెక్క తీశాడు. పదేళ్ళు బరాత్‌లో తన పక్కన డప్పు కొడుతూ నడిచిన ఏసోబుకు ఆ మాటే చెప్పాడు. ఏసోబు అప్పుడే గడ్డిమంట మీద కాచిన డప్పు వేడివేడిగా భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారమే ఒక తండాలో పెళ్ళి. పడుచోళ్ళు గంతులేశారు గానీ, ఆడవాళ్ళు గుండ్రంగా చేరి రెండు చుట్లు తిరిగి ఆగిపోయారు. వాళ్ళు అలిస్తే నెమ్మదించేది, ఊపొస్తే తరిమేది డప్పు. మిషన్‌ది ఒకటే నడక. తండా పెద్దావిడ ఆదివారం తన మనుమరాలి పెళ్ళి ఉందని, డప్పు లేకపోతే బ్యాండు కూడా రావద్దని తేల్చి చెప్పింది.

ఇంట్లో సంగతి విన్న సకీనా మొగుడి ముందు చాయ్ పెట్టి, "ఉప్పు మిగులుతదని పప్పుల ఉప్పే మానేసినవు. ఇగ పో, గాయనకు మొఖం జూపియ్యి" అంది.

యాకూబ్ వెళ్ళేసరికి ఏసోబు తన వాకిట్లో డప్పుకు కొత్త తోలు బిగిస్తున్నాడు. యాకూబ్ చేజారిపోయే పిలుపుల గురించి, ఇవ్వబోయే వాటా గురించి చాలాసేపు చెప్పాడు. ఏసోబు తోలు బిగించి ముడేశాడు. చివరికి అడిగాడు.

"నీ మిషిన్ నన్ను జూసి నడుస్తదా, బాయ్?"

"అది ఎవర్నీ జూడదన్నా. నువ్వే దాన్ని జూడాలె."

"నేను జూడ. నేను ఆడేటోళ్ళ కాళ్ళు జూస్త. నువ్వు నా చెయ్యి జూడు."

కీబోర్డు మీద వేగం పెంచే బటను ఒకటి, తగ్గించేది ఒకటి ఉన్నాయి. యాకూబ్ వాటిని ఎప్పుడూ ముట్టలేదు. బేరమాడకుండా సరేనన్నాడు.

ఆదివారం రుంబా మోగింది. ఏసోబు కళ్ళు ఆడవాళ్ళ పాదాల మీద, యాకూబ్ కళ్ళు ఏసోబు చేతి మీద, వేలు బటన్ మీద. చల్లారిన డప్పు గొంతు దిగితే మంట దగ్గర కాగుతున్న రెండోది అందుకునేవాడు ఏసోబు. అంతసేపు మిషన్ ఒక్కటే మెల్లగా నడిచేది. పొద్దు నెత్తికెక్కినా చుట్లు ఆగలేదు.

అట్లా ఎనిమిదేళ్ళు తిరిగారు. ప్రతి పెళ్ళి నుంచి రాగానే పెళ్ళిపిల్ల ఎట్లుందని సకీనా అడిగేది. యాకూబ్ ఒక్కసారీ చెప్పలేకపోయాడు.